ఆట అయిపోయింది సరే, ఆడిందెవరు?

మా అక్క కొడుకు కంప్యూటర్‌లో ఒక నిధి వేట ఆట పూర్తి చేశాడు. ఏడు రత్నాలూ తెచ్చి విగ్రహంలో పెట్టాడు, చివర్లో ఇచ్చే పతకం కూడా వాడికి వచ్చేసింది, అందులో అబద్ధమేమీ లేదు. అయినా "పూర్తి చేశాడు" అనడానికి నాకు నోరు రావడం లేదు. ఎందుకంటే వాడు పక్కన ఫోన్ పెట్టుకుని, ఎవరో ఆడిన వీడియోను ఆపుకుంటూ, వాళ్ళు ఎటు పోతే అటు పోయి, ఏది నొక్కితే అది నొక్కి, మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నవాడు సాయంత్రం టీ వేళకి లేచాడు. అదే ఆట, అదే దీవి, మా పాప సెలవులు సగం గడిచినా ఇంకా ఆడుతూనే ఉంది.

"మావాడు ఒక్క పూటలో కొట్టేశాడే" అని అక్క ఫోన్‌లో మురిసిపోయింది. ఆ మాట వెనక "మీ పాపేమో ఇంకా..." అనే ముక్క కూడా ఉంది, అక్క పైకి అనకపోయినా నాకు వినపడింది. అప్పట్నుంచీ ఇదే ఆలోచన. పజిళ్ళతో నిండిన నిధి వేటని ఇంకొకళ్ళని చూసి దాటేస్తే పూర్తి చేసినట్టేనా? కాదనే నా అభిప్రాయం. కానీ ఎందుకు కాదు అని నన్ను నేను అడిగితే, మొదట తోచిన కారణాలు ఒక్కొక్కటే వీగిపోయాయి. మిగిలిన కారణం వేరే ఉంది, దాని దగ్గరికి రావడానికే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

ఆట పేరు పాప్‌ట్రోపికా. 2007లో అమెరికాలో జెఫ్ కిన్నీ మొదలుపెట్టిన పిల్లల ఆట. ఒక్కో దీవి ఒక్కో కథ, తిరిగి, మాట్లాడి, వస్తువులు పోగేసి, చిక్కుముడులు విప్పుకుంటూ పోవాలి. 2020 చివరికి అడోబీ వాళ్ళు ఇలాంటి ఆటల్ని నడిపించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆపేయడంతో ఆ కాలపు బ్రౌజర్ ఆటలు చాలా మూలపడ్డాయి. బెంగుళూరులో ఉండే మా తమ్ముడు చిన్నప్పుడు నెల్లూరులో నెట్ సెంటర్‌కి పోయి ఇవే ఆడేవాడు, ఆ మోజుతో ఎక్కడో భద్రపరిచి ఉన్న కాపీ ఒకటి సంపాదించి మా పాత లాప్‌టాప్‌లో వేసిచ్చాడు. పాప ఎంచుకున్నది నబూటి దీవి. అక్కడి విగ్రహానికి ఉండాల్సిన ఏడు రత్నాలు పోయాయి, చిన్న విమానం వేసుకుని ఆఫ్రికా అంతా తిరిగి వెతికి తేవాలి. నబూటి కల్పితం గానీ, గీజా, కిలిమంజారో లాంటి అసలు చోట్లు కూడా దారిలో వస్తాయి. రోహిణి కార్తె ఎండల్లో నెల్లూరు మూలాపేటలో పిల్లల్ని గడప దాటించలేం కాబట్టి ఆఫ్రికా ప్రయాణానికి నేనూ అభ్యంతరం చెప్పలేదు.

కీ ఎక్కడ?

అక్క కొడుకు ఎనిమిదో తరగతి, హాస్టల్లో ఉండి చదువుతాడు. ఏ స్కూలో చెప్పను, మా ఊళ్ళో అలాంటివి వీధికొకటి ఉన్నాయి. వారం వారం పరీక్ష, పరీక్ష అవగానే కీ, కీ చూసుకుని మార్కులు లెక్కేసుకోవడం, పోయిన ప్రశ్నలు మళ్ళీ రాయడం. సెలవులకి మా ఇంటికొచ్చి పాప పక్కన కూర్చుని, కాసేపు స్క్రీన్ చూసి వాడడిగిన మొదటి ప్రశ్న: "దీనికి కీ ఎక్కడుంటది పిన్నీ?"

వెటకారం కాదు. ప్రశ్న అంటూ ఉంటే కీ ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుందని వాడికి గట్టి నమ్మకం. తీరా చూస్తే ఉంది కూడా. యూట్యూబ్‌లో ఈ దీవిని మొదటి నుంచి చివరిదాకా ఆడి చూపించినవాళ్ళు ఉన్నారు.

నెపం స్కూళ్ళ మీద వేసేసి ఇక్కడితో ఆపేయొచ్చు. మా వాట్సాప్ గ్రూపులో అందరూ చేసే పని అదే. కానీ మా తమ్ముడితో అంటే వాడు పకపకా నవ్వాడు. నెట్ సెంటర్ రోజుల్లో కూడా ముందు దాటినవాడు కాగితం మీద మెట్టు మెట్టుగా రాసుకొచ్చేవాడట, మిగతావాళ్ళు దాన్ని జిరాక్స్ తీసుకునేవాళ్ళట. "గంటకింత అని కట్టి, అక్కడ కూర్చుని ఆలోచిస్తామా అక్కా?" అన్నాడు. నిజమే. ఆలోచించడానికి టైము ఉండడం కూడా ఒక రకం కలిమే. పాపకి ఇంట్లో లాప్‌టాప్ ఉంది, అడిగేవాళ్ళు లేరు, అది ఎన్నాళ్ళైనా అక్కడే ఆగిపోయి ఉండగలదు. హాస్టల్ నుంచి నాలుగు రోజులకి వచ్చినవాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది? ఇదే మాట వాడు తర్వాత తన పద్ధతిలో నాతో అన్నాడు: "ఇట్టాంటి దీవులు బోలెడున్నాయి పిన్నీ. ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే మిగతావి ఎప్పుడు చూడాల?"

కోడిని వెనక్కి తేవడం

నీలి నైలు జలపాతం దగ్గర (ఇథియోపియాలో నిజంగా ఉన్నదే, పాప అట్లాసులో వెతికి చూపించింది) లోయ దాటించే పజిల్ ఒకటుంది. నక్క, కోడి, మేత మూట. ఒక్కసారికి ఒక్కటే దాటాలి. మనం లేకుండా వదిలేస్తే నక్క కోడిని తింటుంది, కోడి మేతను తింటుంది. మనకు పులి, మేక, గడ్డిమోపుగా తెలిసిన లెక్కే. యూరప్‌లో ఇది తోడేలు, మేక, క్యాబేజీగా పన్నెండు వందల ఏళ్ళ నుంచీ ఉంది, ఆల్క్విన్ అనే పండితుడి పేరు మీద నడిచే లెక్కల సంకలనంలో కనిపిస్తుంది. పాపకి ఏ రూపంలోనూ తెలియదు.

లాప్‌టాప్ పక్కన పెట్టి అది గచ్చు మీద కూర్చుంది. రెండు టైల్స్ మధ్య గీత లోయ. రబ్బరు నక్క, చింతపిక్క కోడి, అరిగిపోయిన పెన్సిల్ ముక్క మేత మూట. చింతపిక్కను గీత దాటించింది. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత రబ్బరును దాటించి వేలు వెనక్కి తీసుకోగానే "తినేసింది" అని తనే అనుకుని, అన్నీ తీసి మళ్ళీ ఇటువైపు పెట్టింది. ఈసారి పెన్సిల్. మళ్ళీ తినేసింది. ఇలా ఎంతసేపు చేసిందో, చింతపిక్క చెమటకి తడిసి నల్లగా మెరుస్తోంది. నేను ఉల్లిపాయలు తరుగుతూ వంటింటి గడప నుంచి చూస్తున్నాను. జవాబు నా నాలుక చివరే ఉంది.

పాప వాళ్ళ జేజి, అంటే మా అత్తమ్మ, అప్పటికే రెండు సార్లు నోరు తెరిచింది. నేను సైగ చేసి ఆపాను. ఆమెకి కోపం వచ్చింది. "చెప్తే ఏం పోద్దంట? బిడ్డ అన్నం తినకుండా కూర్చోనుంది, నీ పంతం నీది" అని విసుక్కుని లోపలికి పోయింది. ఆ మాటకి నా దగ్గర గట్టి సమాధానం ఏమీ లేదు. పిల్ల ఆకలితో ఉంటే లోయ ఎవడిక్కావాలి?

చివరికి అన్నం తిని, స్నానానికి పోయి, తల తుడుచుకోకుండానే వచ్చి అడిగింది: "అమ్మా, అవతల పెట్టిన కోడిని మళ్ళీ వెనక్కి తేవచ్చా? ఒప్పుకుంటారా?"

ఒప్పుకుంటారా అని అడిగింది చూడండి. దాటించినదాన్ని వెనక్కి తేకూడదని ఆట ఎక్కడా చెప్పలేదు. ఆ నియమం పాప సొంతంగా పెట్టుకుంది, పెట్టుకున్నట్టు దానికే తెలియదు. లెక్క అంత సేపు ఆగింది దాని వల్లే. ఈ పజిల్లో ఉన్న కిటుకంతా ఇంతే. ముందుకు పోవడానికి ఒక అడుగు వెనక్కి వేయాలి, కానీ వెనక్కి వేస్తే పని చెడిపోయినట్టేనని మన మనసు మనకి చెబుతూ ఉంటుంది.

అప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. వీడియో చూసినవాడికి ఇది అందదు కదా అని లోపల్లోపల ఒక చిన్న విజయగర్వం కూడా. ఆ రాత్రి డాబా మీద పడకలు వేసుకున్నాక అక్క కొడుకుని కదిలించాను. ఒక పులి, ఒక మేక, ఒక గడ్డిమోపు, పడవలో ఒక్కదానికే చోటు. వాడు దుప్పటి సరిచేసుకునేలోపే చెప్పేశాడు. "రెండిటితోనూ తంటా ఉండేది మేకకే కదా పిన్నీ. ముందు దాన్ని తీసుకుపోవాల, మళ్ళీ దాన్నే వెనక్కి తేవాల. మధ్యాహ్నం చేసింది ఇదే."

నక్కా కోడీ పోయి పులీ మేకా వచ్చినా వాడు తడబడలేదు. రెండిటితోనూ తంటా ఉన్నది ఏదో పట్టుకోవాలి అన్న సూత్రాన్ని కూడా తీసి చేతిలో పెట్టాడు, పాప ఇంకా అంతదాకా రాలేదు. చూసి చేస్తే బుర్రకెక్కదు అనే నా మొదటి వాదన అక్కడితో సరి.

చేపల పులుసు

నేను ఊరుకోలేదు. అయినా నువ్వు ఆడినట్టు కాదులేరా అన్నాను. వాడు లేచి కూర్చున్నాడు. "నువ్వు మొన్న చేపల పులుసు యూట్యూబ్ చూసి చేశావు కదా. అది నువ్వు చేసినట్టు కాదా మరి?"

నెల్లూరు కోడలినై ఉండి వీడియో చూసి పులుసు పెట్టడమేంటని మా అత్తమ్మ ఆ రోజే దెప్పింది, ఇప్పుడు వీడు. సరే, దీని గురించి నేను నిజంగానే ఆలోచించాను. వంటలో వీడియో ఎంత వివరంగా చెప్పినా పని మాత్రం మిగిలే ఉంటుంది. మామిడికాయ ముక్క ఎప్పుడు వేయాలో చెబుతుంది గానీ నా పొయ్యి మంట, నా చింతపండు పులుపు, ఆ రోజు దొరికిన కొర్రమీను ఎంత మెత్తగా ఉందో దానికి తెలియదు. చూసి చేసినా సగం నేనే చేయాలి. పజిల్ సంగతి అలా కాదు. దానిలో పని మొత్తం తెలియకపోవడం నుంచి తెలుసుకోవడం దాకా నడిచే దూరమే, జవాబు ముందే చేతికొస్తే ఇక చేయడానికి మిగిలేది నొక్కడమే. ఈ తేడా నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. వాడు మాత్రం "నొక్కడం కూడా అంత ఈజీ కాదు పిన్నీ, దూకేటప్పుడు పడిపోతాం" అన్నాడు, అదీ కాదనలేను.

అయితే పోయిందేంటి? వాడికి జవాబు వచ్చింది, సూత్రం వచ్చింది, పతకం వచ్చింది. పాప కంటే వాడికి తక్కువైందేంటో నాకు భోజనాల దగ్గర తెలిసింది. పాప లోయ గురించి రోజుల తరబడి చెప్పింది. నాన్నకి చెప్పింది, పాలాయనకి చెప్పింది, ఫోన్ చేసి మామకి చెప్పింది, చెప్పిన ప్రతిసారీ నక్క కోడిని ఇంకొంచెం ఘోరంగా తినేది. అక్క కొడుకుని "ఏ రత్నం ఎక్కడ దొరికిందిరా?" అని అడిగితే పళ్ళెంలో చెయ్యి ఆపి, కాసేపు ఆలోచించి, "వరసగా వచ్చేశాయి" అన్నాడు.

వరసగా వచ్చేశాయి. నాకు మింగుడు పడనిది ఇదే. వాడు ఏమీ నేర్చుకోలేదని కాదు, వాడికి ఏమీ జరగలేదని. ఆఫ్రికా అంతా తిరిగొచ్చాడు, చెప్పుకోడానికి ఒక్క సంగతి లేదు.

మా వైపు నిధులు

మా జిల్లాలో నిధి వేట అంటే పిల్లల ఆట గుర్తు రాదు, పేపర్లో లోపలి పేజీ గుర్తొస్తుంది. గుప్తనిధుల కోసం రాత్రిపూట పాడుబడ్డ గుడిలో తవ్వకం, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, పట్టుబడ్డ ముఠా. ఉదయగిరి కోట వైపు, నల్లమల అంచున ఉన్న ఊళ్ళ వైపు ఈ వార్తలకి కొదవ లేదు. ఉదయగిరిని 1514లో గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే విజయనగరం పట్టుకుపోయి గుడి కట్టించాడు, ఇంక వీళ్ళకోసం ఏం మిగిల్చి ఉంటాడని నా అనుమానం. ఏది దొరికినా పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పి తీరాలని 1878 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ ఉంది.

నిజంగా దొరికిన కథ కూడా ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే పాత చిన్న గుడి, దాని కింద ఒక కుండ, అందులో రోమన్ బంగారు నాణేలు. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టీనాల బొమ్మలున్నవి, రెండో శతాబ్దానివి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి, ముప్పై చిల్లర మాత్రం నవాబు చేతికి చేరి బతికాయి. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. బంగారం దొరికితే అమ్ముకోకుండా ఎవరైనా ఏం చేస్తారు? కానీ రోమ్ నుంచి పెన్నా ఒడ్డుకి ఆ కుండ ఎలా వచ్చింది అనే ప్రశ్న ఆయనకి ఎదురు కాలేదు, అందుకే చేతిలోకి వచ్చింది బంగారమే అయింది, అంతకు మించి ఇంకేమీ కాలేదు.

వీడియో చూసి గెలవడం లాంటి కథ ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళ మధ్యే జరిగింది. 1979లో ఒక చిత్రకారుడు బంగారంతో కుందేలు చేసి భూమిలో పాతిపెట్టి, ఎక్కడుందో తన బొమ్మల పుస్తకంలో చిక్కుముడిగా దాచాడు. దేశదేశాల జనం ఏళ్ళ తరబడి తలలు పట్టుకున్నారు. 1982లో ఒకాయనకి దొరికింది. అసలు సంగతి 1988లో పత్రికలో బయటపడింది: చిత్రకారుడి పాత స్నేహితురాలి ద్వారా చోటు ఉప్పందింది, చిక్కుముడి ఆయన విప్పలేదు. నిజంగా విప్పినవాళ్ళు ఇద్దరు ఫిజిక్స్ టీచర్లు, వాళ్ళ జవాబు చిత్రకారుడికి చేరేసరికి కుందేలు పోయింది. ఈ కథ ఎవరికి చెప్పినా ఆ టీచర్ల గురించే అడుగుతారు. కుందేలు దొరికినాయన పేరు నేను ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఇంగ్లీషు అడ్డం

నా వాదనకి పెద్ద చిల్లు వేరే చోట ఉంది. ఈ ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. పాప చదివేది ఇంగ్లీషు మీడియమే, కానీ పాఠంలో ఇంగ్లీషు వేరు, ఆటలో పాత్రలు మెలికలు తిప్పి మాట్లాడే ఇంగ్లీషు వేరు. చాలాచోట్ల అది ఆగిపోయింది పజిల్ దగ్గర కాదు, భాష దగ్గర. అమెరికా పిల్లాడికి అది సూచన, మా పాపకి అదే గోడ. అలాంటప్పుడు వీడియో చూడడాన్ని మోసం అనడం ఏం న్యాయం? ఇంగ్లీషు రాని పిల్లలు వీడియోలో చేతల్ని చూసి కథ అర్థం చేసుకుంటారు.

సరే, నేను తెలుగులో చెబుతాను, జవాబు మాత్రం చెప్పను అని కూర్చున్నాను. అది అనుకున్నంత తేలిక కాదు. పాత్ర అన్న మాటని తెలుగులో చెప్పేటప్పుడు ఏ ముక్క మీద ఒత్తి పలికితే అదే క్లూ అయిపోతుంది. పాప నా నోటి వైపే చూస్తూ ఉంటుంది, ఎక్కడ ఆగానో అక్కడ పట్టుకుంటుంది. వార్తలు చదివేవాళ్ళలా ఏ రాగమూ లేకుండా చదవడం అలవాటు చేసుకున్నాను.

ఇంకో సంగతి. ఆటలో ఆగిపోయే చోట్లన్నీ పజిళ్ళు కావు. ఎక్కడో మూల కనీకనపడని వస్తువు మీద నొక్కాలి, నొక్కకపోతే కథ కదలదు. అందులో ఆలోచన లేదు, కళ్ళు కాయలు కాయడం తప్ప. అలాంటి వాటికి వీడియో చూసుకోమని నేనే ఫోన్ ఇచ్చాను. అక్క కొడుకు వెంటనే అందుకున్నాడు: "ఏది పజిలో ఏది కాదో నువ్వెట్టా డిసైడ్ చేస్తావ్?" దీనికి సరైన జవాబు ఇంకా వెతుకుతున్నాను. ప్రస్తుతానికి నా కొలత ఒక్కటే. దొరికాక "అబ్బా, ఇంతేనా!" అని తల కొట్టుకుంటే అది పజిలే, "ఓహో అక్కడుందా" అని ఊరుకుంటే కాదు.

జేజి గింజలు

అక్క కొడుకు ఆ పూట ఎక్కడా ఆగలేదని ఇందాక రాసినట్టున్నాను. ఒక్కచోట ఆగాడు. ఆటలో ఒక పాత్రతో మంకాలా ఆడి గెలవాలి. రెండు వరుసల గుంటలు, గుంటల్లో గింజలు, ఒక్కో కొసన ఒక్కో పెద్ద గుంట. వీడియోలో ఆడినవాడు గెలిచి ముందుకు పోయాడు. వీడూ అవే గుంటలు అదే వరసలో నొక్కాడు, కానీ ఎదుటి పాత్ర వీడియోలో తీసిన గుంట కాకుండా ఇంకోటి తీసింది. కీ అక్కడితో అయిపోయింది. ఇంకో వీడియో, ఇంకోటి, అందరూ గెలుస్తున్నారు, ఎవరూ వీడి ఆట ఆడటం లేదు.

చాప మీద పడుకున్న జేజి చెవికి గింజలు పడే చప్పుడు తగిలింది. లేచొచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ఏందిరా అబ్బయా, ఇది వామనగుంటలు కదా" అంది.

జేజి వచ్చి గెలిపించింది అని రాస్తే బాగుండేది, కానీ జేజి కూడా ఓడిపోయింది. ఆమెకి తెలిసిన ఆటలో ఒక్కో వరసకి ఏడు గుంటలు, చివరి గింజ పడ్డాక పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచుకుంటూ పోవాలి, ఖాళీ గుంట తగిలితే దాని అవతలి గుంటలోవి మనవి. ఇక్కడ అదేం లేదు. అమెరికాలో మంకాలా పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేది 1940లో అక్కడే తయారైన కలా అనే రకం, ఇందులోదీ ఆ పద్ధతే: చివరి గింజ మన పెద్ద గుంటలో పడితే ఇంకో ఆట, మన ఖాళీ గుంటలో పడితే ఎదుటి గుంటలోవి మనవి. ఆఫ్రికా దీవిలో అమెరికా రూల్సు. "గింజలు దాచుకుంటా పోతన్నాడు, ఇదేం ఆటరా, వడ్డీ యాపారమా?" అని జేజి తిట్టింది.

కానీ ఆమె పక్కనే కూర్చుంది. వాడు గుంట నొక్కబోయినప్పుడల్లా చెయ్యి పట్టుకుని, "తీయబాక. తీయకముందే చివరిది యాడ పడతాదో చూసుకో" అనేది. ఏ గుంట తీయాలో ఆమెకీ తెలియదు. తీయబోయే ముందు కళ్ళతో లెక్కపెట్టడం మాత్రం తెలుసు. లోయ దగ్గర జవాబు చెప్పేద్దామని తొందరపడ్డ మనిషి ఇక్కడ ఎందుకు చెప్పలేదంటే జవాబు ఆమె దగ్గర లేదు, అంతే. వాడికి దొరికిన మంచి గురువు జవాబు తెలియని గురువు. వాడి పూటలో సగానికి పైగా ఇక్కడే పోయింది. ఓడిపోయి, విసిరికొట్టి, లేచిపోయి, మళ్ళీ కూర్చుని, చివరికి వాడు గెలిచేసరికి జేజి నిద్రపోతోంది. లేపి మరీ చెప్పాడు.

రాత్రి భోజనాల దగ్గర "వరసగా వచ్చేశాయి" అన్నవాడు, పడకల మీద ఈ గింజల కథ మాత్రం మూడు మలుపులతో చెప్పాడు. ఎదుటివాడికి ఇంకొక్క ఆట పడుంటే తను మునిగిపోయేవాడట, ఆఖరి గింజ సరిగ్గా ఖాళీ గుంటలో పడిందట. పాప కళ్ళింత చేసుకుని వింది. మొత్తం ఆఫ్రికాలో వాడికి సొంతమైన రత్నం అదొక్కటే అని నాకు అనిపించింది, పైకి అనలేదు.

చీటీలు

అయితే పిల్లల్ని ఊరికే ఇరుక్కోనిచ్చి చోద్యం చూడమనడం లేదు. చెప్పడానికీ చెప్పకపోవడానికీ మధ్య మెట్లు ఉంటాయి. 1980ల్లో ఇన్ఫోకామ్ అనే అమెరికా ఆటల కంపెనీ సూచనల పుస్తకాల్ని కనిపించని సిరాతో అచ్చేసేది. ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే ఒక్కో వరుసా బయటపడేది. మొదటిది ఎటు చూడాలో చెబుతుంది, తర్వాతది ఇంకొంచెం, ఆఖరిది జవాబు. ఎక్కడ ఆపాలో రుద్దేవాడి ఇష్టం. వీడియోలో ఆ మెట్లు లేవు, ఒక్క క్షణం చూద్దామని తెరిస్తే మొత్తం చూపించేస్తుంది.

కనిపించని సిరా నా దగ్గర లేదు, పాత నోటుబుక్కు ఉంది. పాపకి మిగిలిన పజిళ్ళకి తెలుగులో నాలుగేసి చీటీలు రాసి, మడిచి, అంకెలు వేసి డబ్బాలో పెట్టాను. ఒక చీటీ విప్పితే రెండోది ఆ పూటకి విప్పకూడదు. పాప మొదటి చీటీని కూడా విప్పాలా వద్దా అని తెగ మథనపడుతుంది, అది చూడడం నాకు సరదా. జేజి మాత్రం "అన్నం టైముకి నాలుగోది విప్పేయాల" అని సవరణ పెట్టింది, ఆమోదించాం.

అక్క కొడుకు నేను లేనప్పుడు అన్నీ విప్పి చదివాడు. ఆట పూర్తి చేసినవాడు కాబట్టి తప్పేముందన్నాడు. చదివి నా దగ్గరికొచ్చి, "రెండోదాంట్లోనే చెప్పేశావు పిన్నీ, ఇంక మూడూ నాలుగూ దండగ" అన్నాడు. నాకైతే తేడా ఉన్నట్టే అనిపించింది. కాసేపు వాదించుకున్నాం. రెండో చీటీలో ఒక మాట తీసేస్తే చాలన్నాడు, ఏ మాటో చూపించాడు, తీసి చూస్తే నిజంగానే బావుంది. అదే ఆటలో ఉన్న ఇంకో దీవి, షార్క్ టూత్ దీవికి చీటీలు వాడే రాస్తున్నాడు. దానికోసం ఆ దీవిని ముందు వీడియో లేకుండా ఆడుతున్నాడు, ఎక్కడ ఇరుక్కుంటారో తెలియకపోతే ఎట్టా రాయాలి అంటాడు. మొదటి చీటీలో ఏం రాశావురా అంటే నాకూ చెప్పడం లేదు.